ఒకటో నంబరు బండి గొంతు

సోమవారం ఉదయం ఏడు గంటలకు డిపో గేటు పెద్దక్క బండికి తెరుచుకోలేదు.

ఆ గేటుకి కాపలావాడు పేరుకే ఉన్నాడు. బండి యాభై గజాల దూరంలో ఉండగానే దాని రేడియో వస్తున్నానని చెబుతుంది, గేటు వింటుంది, కడ్డీ లేస్తుంది. రెండేళ్ళుగా అదే వరస. ఆ రోజు ఆమెకి ముందు మూడు బండ్లు వెళ్ళాయి, మూడింటికీ లేచింది. ఆమె వంతు వచ్చేసరికి కడ్డీ కొయ్యబారిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకి వచ్చి చూసింది. కదల్లేదు. హారన్ మోగిస్తే కాపలావాడు గదిలోంచి బయటికొచ్చి, అటు చూసి, ఇటు చూసి, చివరికి ఎదురుగా ఉన్న ఆమెని చూశాడు.

"నువ్వా అక్కా? ఎంతసేపయింది వచ్చి?"

"నీకు తెల్లారేంత సేపయింది. కడ్డీ ఎత్తు."

అతను చేత్తో తిప్పి ఎత్తాడు. ఎత్తుతూ తన గదిలోని తెరవైపు ఒకసారి, ఆమె బండివైపు ఒకసారి చూశాడు. 

ఆసుపత్రులకి ఉతికిన దుప్పట్లూ, ఆపరేషన్ గదుల్లో వాడే ఆకుపచ్చ గుడ్డలూ చేరవేసే డిపో అది. నలభై బండ్లున్నాయి. ఒకటో నంబరు ఆమెది. ఇరవయ్యారో నంబరు ఆమె చెల్లెలిది. అందుకని డిపో మొత్తానికి ఒకరు పెద్దక్క, ఇంకొకరు చిన్నక్క. వాళ్ళకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చిన్నది ఇంట్లో ఉందంటే వీధి చివరిదాకా తెలుస్తుంది. పెద్దామె ఉన్నదీ లేనిదీ చెప్పులు చూసి తెలుసుకోవాలి. స్టీరింగు పట్టి ఇరవైమూడేళ్ళయినా ఆమె బండికి ఒక్క గీత పడలేదు.

సోమవారం నాటి వింత గేటుతో ఆగలేదు. సరుకు ఎక్కించే చోట ఆమె బండి నిలిపి కాగితాలు చూసుకుంటుండగా, పద్నాలుగో నంబరు బండి వెనక్కి నడుస్తూ తిన్నగా ఆమె మీదికే వచ్చింది. ఆ బండ్లు వెనక ఏదైనా ఉంటే వాటంతటవే ఆగుతాయి. ఇది ఆగలేదు. చప్పుడు కూడా లేదు, నిద్రలో నడిచేవాడు గోడవైపు వెళ్ళినట్టు మెల్లగా వచ్చింది. ఆమె అరచేత్తో హారన్ మీద గుద్దింది. జానెడు దూరంలో నిలిచింది.

డ్రైవరు పరుగున దిగి వచ్చాడు. అతని ముఖంలో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"తెరమీద ఖాళీగా ఉంది అక్కా. ఒట్టు. చూడు, ఇప్పటికీ ఖాళీగానే ఉంది."

ఆమె వంగి చూసింది. డిపో ఆవరణ అంతా ఆ తెరలో ఉంది. ప్రతి బండీ ఒక చిన్న పచ్చ దీర్ఘచతురస్రం, పక్కనే దాని అంకె. ఆమె బండి ఉన్నచోట నేల బూడిదరంగులో శుభ్రంగా కనబడింది.

మంగళవారం మేనేజరు గారు పిలిపించారు. ఆయన మంచివాడే, కాకపోతే కళ్ళజోడు కంటే కంప్యూటరు మీద నమ్మకం ఎక్కువ.

"నిన్న బండి తియ్యలేదేం? ఒంట్లో బాగాలేకపోతే ఒక మాట చెప్పాల్సింది."

"తీశాను సార్. నాలుగు ఆసుపత్రులూ తిరిగాను."

"ఇక్కడ లేదే." ఆయన తెర ఆమెవైపు తిప్పారు. ఒకటో నంబరు వరస మొత్తం ఖాళీగా ఉంది. రోడ్డు మీద ఏ డిపో బండీ ఆమెని దాటినట్టు లేదు, గేటు కూడా చూసినట్టు లేదు.

ఆమె జేబులోంచి నాలుగు రసీదులు తీసి బల్లమీద పరిచింది. నర్సుల సంతకాలూ, టైమూ అన్నీ ఉన్నాయి. ఆయన వాటిని చూసి, తెరని చూసి, మళ్ళీ వాటిని చూశారు.

"సరేలెండి, ఏదో పొరపాటు. సర్దుకుంటుంది" అన్నారు.

ఆ సాయంత్రం పెద్దక్క డిపో చేతులు కడిగే గదికి వెళ్ళింది. అక్కడి కుళాయి కింద చెయ్యి పెడితే నీళ్ళు వాటంతటవే వస్తాయి. ఆమె చెయ్యి పెట్టింది. రాలేదు. తిప్పింది, ఊపింది, దగ్గరికి పెట్టింది. రాలేదు. పక్కనుంచి లాండ్రీ పిల్ల ఒకతె వచ్చి చెయ్యి పెట్టగానే ధారగా వచ్చాయి. పాత కుళాయి, తిక్క కుళాయి అనుకుని ఆమె ఆ పిల్ల ధార కిందే చేతులు కడుక్కుంది. కానీ ఇంటికి వెళ్ళేదాకా చేతులు చల్లగానే ఉన్నాయి.

ఇంట్లో చెల్లెలు వంటగదిలో ఉంది. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, మధ్యలో పొయ్యితో మాట్లాడుతూ ఉంది.

"ఏమే" అని పిలిచింది పెద్దక్క.

చెల్లెలు తిరగలేదు.

"నిన్నే."

చెల్లెలు గరిటె కడిగింది, గిన్నె మీద మూత పెట్టింది, అక్క పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళి అలమర తెరిచింది. పెద్దక్క మూడోసారి పిలవలేకపోయింది. పిలిస్తే, అప్పుడు కూడా వినకపోతే? ఆ ఆలోచన రాగానే ఆమె గోడకి ఆనుకుని నిలబడిపోయింది. చెల్లెలు అలమర మూసి వెనక్కి తిరిగి, ఉలిక్కిపడి గుండెమీద చెయ్యేసుకుంది.

"దేవుడా, ఎప్పుడొచ్చావే? పిల్లిలా ఆ నడకేంటి? పిలవచ్చుగా."

"పిలిచాను."

"పిలిచుంటే వినపడదా? నాకేమన్నా చెవుడా?" అంటూ మళ్ళీ ఫోనులో పడింది.

బుధవారం పొద్దున్నే పెద్దక్క చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

అతని అసలు ఉద్యోగం రేడియో ఇంజినీరు. డ్రైవర్లు పెట్టిన పేరు చెవుల డాక్టరు. బక్కగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటాడు. కొత్త రేడియోలు వచ్చినప్పుడు మొదటిది ఆమె బండిలోనే బిగించి, నలభై రోజులు ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని ఆమె పక్కన కూర్చుని తిరిగాడు. పాత రేడియోలు మాట్లాడేటప్పుడు వినలేవు, వినేటప్పుడు మాట్లాడలేవు, వంతులేసుకుని పనిచేసేవి. ఆ వంతుల మధ్య సందులోనే ప్రమాదాలు జరుగుతున్నాయని కొత్తవి తెచ్చారు. ఇవి నోరూ చెవీ ఒకేసారి తెరిచి ఉంచుతాయి.

"మా చెల్లెలు పుట్టినప్పట్నించీ అంతే" అని అప్పట్లో పెద్దక్క అంటే అతను నవ్వాడు.

"కష్టం ఎక్కడంటే అక్కా, బండి గొంతు బండి చెవి పక్కనే ఉంటుంది. అవతలివాడి మాట గుసగుసలా వస్తుంటే మన గొంతు మన చెవిలోనే ఉరుములా పడుతుంది. అందుకని ముందు మన గొంతేదో చెవి గుర్తుపట్టాలి. గుర్తుపట్టి తీసి పారెయ్యాలి. మిగిలింది పక్కవాళ్ళ మాట."

ఆ గుర్తుపట్టడం నేర్పడానికే నలభై రోజులు పట్టింది. వంతెన మీద, సొరంగంలో, పెద్ద లారీల మధ్య, ఇనుప షెడ్ల కింద, ఆమె బండి గొంతు ఎక్కడెక్కడ తగిలి ఎలా తిరిగొస్తుందో అతను దాని చెవికి ఓపిగ్గా చెప్పాడు. మంచి చదువు చెప్పిన పంతులులా ఆఖరి రోజు మురిసిపోయాడు.

ఇప్పుడు ఆమె రెండు రోజుల సంగతులూ చెబుతుంటే అతని ముఖంలో రంగు మారుతూ వచ్చింది. కుళాయి సంగతి, చెల్లెలి సంగతి ఆమె చెప్పలేదు.

అతను పద్నాలుగో నంబరు బండికి కంప్యూటరు తగిలించాడు. ఆమె బండి ఎదురుగా పది గజాల్లో ఉంది, రేడియో పనిచేస్తోంది. తెరమీద ఏమీ లేదు.

"ఇది వడకట్టాక వచ్చింది. వడకట్టక ముందు చూద్దాం" అని ఏదో నొక్కాడు.

తెర ఒక్కసారి గీతలతో నిండిపోయింది. అందులో ఒకటో నంబరు గొంతు, సెకనుకి పదిసార్లు, అందరికంటే గట్టిగా: ఇక్కడున్నాను, ఆగి ఉన్నాను, ఇక్కడున్నాను. మళ్ళీ వడకట్టాడు. మిగతా గొంతులన్నీ ఉన్నాయి. ఆమెది లేదు.

"తప్పు నాదే" అన్నాడు అతను నేలవైపు చూస్తూ. "ఒక్కో బండికీ నలభై రోజులు కూర్చుంటే ఎప్పటికి తెములుతుంది, ఒకటో నంబరుకి నేర్పిందే అన్నింటికీ ఎక్కించెయ్యమన్నారు మేనేజరు గారు. మొన్న శని, ఆదివారాల్లో ఎక్కించాను. గేటుకి కూడా. వాటి గొంతు అవి మెల్లగా నేర్చుకుంటాయనుకున్నాను, నేర్చుకున్నాయి కూడా. కానీ నేను ఎక్కించినదాంట్లో మీ బండి గొంతు గుర్తు కూడా ఉండిపోయింది. ఈ నలభైకీ మీ గొంతు వినపడుతుంది అక్కా. వినగానే, ఇది నా గొంతే కదా అని తీసేస్తున్నాయి."

"రాడార్ ఉంది కదా? గోడ అడ్డమొస్తే ఆగుతారు, నేను గోడపాటి చెయ్యనా?"

"అక్కడే వచ్చింది చిక్కు. మీ గొంతు ఎక్కణ్ణించి వస్తుందో రాడార్‌కి కూడా అక్కడే ఏదో కనబడుతుంది. నా గొంతే ఏ గోడమీదో పడి తిరిగొచ్చింది, అక్కడ కనబడేది నా నీడే అనుకుంటోంది బండి. నీడకి ఎవరు బ్రేకు వేస్తారు?"

అతను పద్నాలుగో నంబరుని నడక వేగంతో ఆమె బండివైపు నడిపించాడు. అది ఆగకుండా వెళ్తుంటే కాలితో తొక్కి ఆపాడు. అప్పుడు ఒకటో నంబరు బండిలో స్టీరింగు కిందకి వంగి, రేడియో ఫ్యూజు లాగేసి, మళ్ళీ నడిపించాడు. ఈసారి నాలుగు బారల దూరంలోనే దానంతటదే టక్కున ఆగింది.

"నోరు తెరిస్తే మాయమైపోతున్నారు. మూసుకుంటే కనబడుతున్నారు" అన్నాడు.

"అయితే ఫ్యూజు తీసేసే తిరుగుతాను."

"రేడియో లేకపోతే బండి పది కిలోమీటర్ల వేగం దాటదు. అలా కట్టేశారు. మీరు రేపు బయటికి రాకండి. నేను ఒక్కో బండిలోంచీ మీ గుర్తు తీసేస్తాను. బండికి అరగంట పడుతుంది."

ఇద్దరూ మేనేజరు దగ్గరికి వెళ్ళారు. బండ్లన్నీ ఒక్కరోజు ఆపమని అడిగాడు డాక్టరు. మేనేజరు గారు మూడు రోజుల రికార్డులు తిరగేసి, ఒకటో నంబరు బండికి ఎవరైనా దగ్గరగా వచ్చిన ఘటన ఒక్కటీ లేదని చూపించారు.

"ఎలా ఉంటుంది సార్? వాటి లెక్కలో ఆమే లేదు" అన్నాడు డాక్టరు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చివరికి ఒకటో నంబరు ఒక్కటీ ఆగేటట్టు, మిగతావి తిరిగేటట్టు ఒప్పుకున్నారు. ఆ రాత్రి పెద్దక్క చెల్లెలికి సంగతంతా చెప్పింది. చెల్లెలు ఫోను పక్కన పెట్టి మరీ విన్నది.

"నువ్వు రోడ్డు మీద లేకపోతే గొడవే లేదుగా. హాయిగా పడుకో రేపు" అని అక్క పాదాల మీద దుప్పటి సర్దింది.

గురువారం పొగమంచు కమ్మింది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ కూడా లేదు. చెల్లెలు ఆరింటికే వెళ్ళిపోయింది. పెద్దక్క ఊరికే ఇంట్లో ఉండలేక ఎనిమిదింటికి డిపోకి నడిచింది. డాక్టరు రాత్రంతా కూర్చుని పంతొమ్మిదో నంబరు దాకా వచ్చాడు, తర్వాత బండ్లు బయటికి వెళ్ళిపోయాయి. ఒక కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నాడు.

తొమ్మిదిన్నరకి నది అవతలి ఆసుపత్రి నుంచి ఫోను. ఆకుపచ్చ గుడ్డలు తీసుకెళ్ళిన ఎనిమిదో నంబరు దారిలో చెడిపోయింది. రెండు ఆపరేషన్లు ఆగిపోయి ఉన్నాయి. ఆవరణలో మిగిలింది ఒకటో నంబరే.

"ఒక్క ట్రిప్పు" అన్నారు మేనేజరు గారు. ఆయన గొంతులో ఈసారి బతిమాలుకోవడం ఉంది. "మీరైతే కళ్ళతో నడపగలరు."

ఆమె డాక్టరుని లేపుదామా అనుకుంది. లేపితే వద్దంటాడు. బల్లమీద కడుపులు కోయించుకోవడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు గుర్తొచ్చారు. మూటలు ఎక్కించుకుని బయల్దేరింది. చెల్లెలి బండి ఈపాటికి అవతలి ఒడ్డున ఉంటుంది, తిరిగొచ్చేది మధ్యాహ్నానికి కదా అని ధైర్యం చెప్పుకుంది.

నది వంతెన పొడుగు అర కిలోమీటరు. అటు పోవడానికి ఒక్కటే వరస. వంతెన మధ్యకి వచ్చేసరికి మంచులోంచి ఒక పాత లారీ వెనకభాగం బయటపడింది. చెడిపోయి ఆగి ఉంది. దానికి రేడియో లేదు, దీపాలూ లేవు, డ్రైవరూ కనబడలేదు. ఆమె బ్రేకు తొక్కి దాని వెనకే ఆగింది. ఎదురుగా వచ్చే బండ్లు కనబడని మంచులో పక్కకి తిరిగి దాటడం ప్రాణాలతో చెలగాటం. ప్రమాద దీపాలు వేసింది. ఆ వెలుగు పది అడుగులు కూడా వెళ్ళకుండా మంచులో ఇంకిపోయింది.

అప్పుడు ఆమె తెరమీద వెనకాల ఒక పచ్చ గుర్తు వచ్చింది. ఇరవయ్యారు.

చెల్లెలు ఏదో సరుకు మర్చిపోయి మధ్యలోనే డిపోకి వచ్చి మళ్ళీ బయల్దేరిందని పెద్దక్కకి తర్వాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది తెరమీది అంకెలే. దూరం నాలుగు వందల మీటర్లు. వేగం అరవై. మంచులో అరవై మీద వస్తోందంటే కళ్ళతో కాదు, తెరని చూసి నడుపుతోంది. ఆ తెరమీద వంతెన ఖాళీగా ఉంది. చెల్లెలి లెక్కలో అక్క ఇంట్లో నిద్రపోతోంది.

పెద్దక్క అత్యవసర మీట నొక్కింది. బండి గొంతు రెండింతలైంది. ఆగి ఉన్నాను, ఆగి ఉన్నాను, ఆగి ఉన్నాను. మూడు వందల యాభై. వేగం అరవై. హారన్ మీద చెయ్యి పెట్టి తీయకుండా నొక్కింది. అద్దాలు బిగించుకుని పాటలు పెట్టుకునే చెల్లెలికి అది ఎక్కడ వినపడుతుంది? మూడు వందలు. ఫోను చేద్దామంటే నడిపేటప్పుడు డ్రైవర్ల ఫోన్లు పెట్టెలో ఉంటాయి. తలుపు తీసుకుని వెనక్కి పరిగెత్తుదామనుకుని, తలుపు సగం తీసి, ఆగింది. మంచులో మనిషి కనబడేసరికి మనిషి మీదికే వచ్చేస్తుంది.

రెండు వందల యాభై.

నిన్న డాక్టరు స్టీరింగు కింద వంగడం గుర్తొచ్చింది.

ఆమె వంగింది. వేళ్ళు ఫ్యూజు మీద పడ్డాయి గానీ లాగబుద్ధి కాలేదు. అది లాగితే తన తెర కూడా ఆరిపోతుంది. చెల్లెలు ఎంత దూరంలో ఉందో, ఆగిందో లేదో ఏమీ తెలియదు. ఇంతసేపూ తను చెల్లెల్ని చూస్తూనే ఉంది. ఆ చూపు తన చేత్తో తనే కోసెయ్యాలి.

యాభై అన్న అంకె చూసి లాగేసింది.

తెర నల్లబడింది. ఆమె హారన్ మీంచి కూడా చెయ్యి తీసింది, ఎందుకో తెలియదు. వంతెన మీద ఒక్క చప్పుడు లేదు. కింద నది ఉన్నట్టే లేదు. అద్దంలో తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. ఆ తెలుపులో తను ఉన్నట్టు ప్రపంచంలో ఎవరికీ తెలియదనీ, తను లేకపోయినా ఆ తెలుపు అలాగే ఉంటుందనీ అనిపించింది. స్టీరింగు గట్టిగా పట్టుకుంది. 

రబ్బరు రోడ్డుని ఒరుసుకున్న చప్పుడు వినబడింది. పొడుగ్గా, దగ్గరవుతూ, ఇంకా దగ్గరవుతూ. తర్వాత ఆగింది.

ఆమె దిగింది.  ఇరవయ్యారో నంబరు ముక్కు ఆమె బండి వెనక తలుపుకి మూరెడు దూరంలో ఉంది. చెల్లెలు స్టీరింగు వెనక అలాగే కూర్చుని ఉంది, నోరు తెరుచుకుని, ఒక్క మాట లేకుండా. పెద్దక్క తలుపు తీసి చెయ్యి పట్టుకుంటే అప్పుడు కదిలింది.

"ఖాళీ రోడ్డే అక్కా" అంది సన్నగా. "చివరిదాకా ఖాళీయే. ఉన్నట్టుండి మొలిచావు. బండి దానంతటదే ఆగింది. నేను తొక్కలేదు. నేను చూడను కూడా లేదు."

"సరే. ఆగిందిగా."

"నేను నిన్ను..."

"ఆగిందన్నానా."

ఇద్దరూ కలిసి వంతెన మొదటికి నడిచి, వచ్చే బండ్లని చేతులూపి ఆపారు. లారీని తీయించారు. పెద్దక్క గుడ్డల మూటలు చెల్లెలి బండిలోకి మార్చి ఆసుపత్రికి పంపించింది. తను పది కిలోమీటర్ల వేగంతో, నోరు మూసుకున్న బండిలో, వెనక్కి వచ్చింది. దారిలో మూడు డిపో బండ్లు ఆమెని చూసి మర్యాదగా పక్కకి తప్పుకున్నాయి.

ఆ మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే మేనేజరు గారు అన్ని బండ్లనీ ఆపించారు. ఆయన ఆ రోజు కంప్యూటరు తెరవలేదు. డాక్టరు ఇంకో ఇద్దరిని పిలిపించుకుని పదిహేను రోజులు ఒక్కో బండిలో కూర్చుని, ఎవరి గొంతు వాళ్ళకి మొదటినుంచీ నేర్పాడు. ఒకటో నంబరుకి కొత్త గుర్తు ఇచ్చాడు. గేటు ఆమెకి లేవడం మొదలైంది. చెల్లెలు మాత్రం చాలా రోజులు మాటలు తగ్గించింది. అక్క ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి వచ్చి కూర్చునేది.

పనంతా అయిపోయిన రోజు డాక్టరు పెద్దక్కని తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"బండ్లు వడకట్టి పారేసిన గొంతులు కొన్నాళ్ళు దాచి ఉంచుతాయి. మీ చెల్లెలి బండిలోవి ఆ రోజువి తీసి చూశాను" అన్నాడు. "మీరు ఫ్యూజు ఎప్పుడు లాగారో సరిగ్గా తెలుస్తోంది. నలభైఎనిమిది మీటర్ల దగ్గర."

"అవును. యాభై చూసి లాగాను."

"అక్కడ మీ గొంతు ఆగింది. సగం సెకను ఏమీ లేదు. అప్పుడే రాడార్‌కి మీరు కనబడ్డారు, బ్రేకు పడింది." అతను ఒక కాగితం బయటికి తీశాడు. "తర్వాత మళ్ళీ మొదలైంది. మీ గుర్తుతోనే, మీ గొంతే. పదిహేను సెకన్లు."

"ఫ్యూజు నా చేతిలో ఉంది."

"తెలుసు. వంతెన కమ్మీలకి తగిలి తిరిగొచ్చిన గొంతు అనుకున్నాను ముందు. కానీ అలాంటిది సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు. పైగా అది ఆగి ఉన్నానని చెప్పడం లేదు." అతను కాగితం ఆమెవైపు తోశాడు. "వేగం అరవై. లారీ ఉన్నచోటినుంచి ముందుకి, వంతెన చివరిదాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. మిమ్మల్ని లారీ వెనకే వదిలేసి మీ గొంతొక్కటే వెళ్ళిపోయినట్టు."

పెద్దక్క ఆ అంకెల వరసని పైనుంచి కిందదాకా చదివింది. తను ఆ రోజు వంతెన చివరిదాకా వెళ్ళనే లేదు.

"ఇంకెవరిదైనా బండి అయ్యుంటుందా?" అని అడిగింది.

"ఆ గుర్తు ఉన్నది మీకొక్కరికే."

బయట ఎవరో బండి వెనక్కి తీస్తున్నారు. డాక్టరు లేచి కిటికీ మూశాడు.

"రిపోర్టులో రాయమంటారా అక్కా?"

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. "మా చెల్లెలు చదువుతుందా ఆ రిపోర్టు?"

"డ్రైవర్లందరికీ ఇస్తారు."

"అయితే వద్దు. అదిప్పుడిప్పుడే మళ్ళీ మాట్లాడుతోంది" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకుంది. లేచి, పదిన్నర ట్రిప్పుకి టైమవుతోందని చెప్పి, దుప్పట్లు ఎక్కించే చోటికి వెళ్ళిపోయింది.